పొయ్యిలో కాళ్ళు పెట్టిన దయ్యం, మా చిన్నమ్మ, విఠలాచార్య

మా చిన్నమ్మకు దయ్యం పట్టిందన్నారు. నాకప్పుడు ఆరేండ్లో ఏడేండ్లో.

పులివెందుల తట్టు ఒక పల్లెకు ఆమెను ఇచ్చినారు. చీనీ చెట్లు, శెనిక్కాయ చేను ఉండే ఇల్లు. మొదటి కాన్పులో బిడ్డ పుట్టిన రెండో దినమే పోయినాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడ్డం మానేసింది. పొయ్యికాడ కూచుంటే కూచున్నట్లే, సంగటి మాడి వాసనొచ్చినా లేసేది కాదు. నడిరేయి లేసి గడపలో కూచునేది. ఈపొద్దయితే డాక్టరు దాన్ని కాన్పు తర్వాత వచ్చే మనసు జబ్బు అంటాడు, మాత్రలు రాస్తాడు. ఆపొద్దు ఆ ఇంట్లో దానికి తెలిసిన పేరు ఒకటే, దయ్యం. భూతవైద్యున్ని పిలిపించినారు. యాపమండలతో కొట్టినారు, మిరపకాయల పొగ పెట్టినారు. దయ్యం పోలా. మా చిన్నమ్మ ఈపు మీద తోలు పోయింది. మా నాయన పోయి ఆమెను పొద్దుటూరుకు పిల్చకొచ్చినాడు.

మాది మగ్గం ఇల్లు. ముందర గదిలో మగ్గం, ఎనక గదిలో మేం ఆరుమందిమి. చిన్నమ్మ ఒక మూల. ఇరుగుపొరుగు ఆడోళ్ళు పిల్లోళ్ళను మా ఇంటికి పంపడం తగ్గించినారు. మా జేజి గూడా సొంత కూతురి పక్కన పండుకునేదానికి రవ్వంత జంకేది.

ఆ దినాల్లోనే మా ఊరి హాల్లోకి 'జగన్మోహిని' పాత ప్రింటు మళ్ళా వచ్చింది. 1978లో వచ్చిన సినిమా అది. కొత్తప్పుడే మా అమ్మ ఒకసారి చూసింది. మళ్ళా పోదామనింది, చిన్నమ్మను గూడా పిల్చకపోదామనింది. మా జేజి ఒప్పుకోలా. దయ్యం పట్టినదాన్ని దయ్యం సినిమాకా అని తల కొట్టుకునింది. అమ్మ ఇనలా. ఒక కాగితం పొట్లంలో బొరుగులు, వేయించిన బుడ్డలు కట్టుకొని, మమ్మల్నందరినీ తోలకొని మ్యాట్నీకి పోయింది. నేల క్లాసు. చిన్నమ్మ నడుమ, అటు అమ్మ, ఇటు నేను.

ఆ సినిమాలో ఒక దయ్యం అందమైన ఆడదై ఇంటికి కోడలి మాదిరి వస్తాది. జయమాలిని ఆ ఏషం. వంట చేయాల, కట్టెలు లేవు. దయ్యం గమ్మున తన రెండు కాళ్ళు పొయ్యిలో పెడతాది. కాళ్ళు మండుతాంటాయి, వంట ఉడుకుతాంటాది. హాల్లో మొదట ఒక్క కేక. నేను కండ్లు మూసుకున్యా. మళ్ళా తెరిచేసరికి నేల క్లాసంతా నవ్వుతాండారు. ఆడోళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతాండారు. మా చిన్నమ్మ గూడా నవ్వుతాంది. నెలల తర్వాత నవ్వింది. ఇంటర్వెల్లో అమ్మ చెవిలో ఒక మాట చెప్పింది. దయ్యమై పుట్టినా ఆడదానికి వంట తప్పలేదు గదక్కా అని. అది ఇని అమ్మ నవ్వింది, ఆమీట ఏడ్చింది.

సినిమా చూసి చిన్నమ్మకు నయమైందని నేను చెప్పడంలా. పుట్టింటి అన్నం, అమ్మ కాపలా, పెద్దాసుపత్రి మాత్రలు, కాలం, ఇవన్నీ కలిసి ఆమెను నిలబెట్టినాయి. అయితే ఆ దినం తర్వాత మా ఇంట్లో దయ్యం అనే మాట రొంత పలచబడింది. మా జేజి గూడా మళ్ళా ఆమె పక్కన పండుకునింది. అందుకే ఆ సినిమా తీసినాయన కత నేను రాయాలనుకున్యా. ఆయన పేరు బి.విఠలాచార్య.

విఠలాచార్య తెలుగోడు కాదు. 1920 జనవరి 20న ఉడిపి పక్కన ఉద్యావరలో పుట్టినాడు. నాయన ఆయుర్వేద వైద్యుడు. ఇంట్లో పిల్లోళ్ళు శానామంది. ఈయన చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ సీమంతా యక్షగానం, బయలాట ఆడే సీమ. రాత్రంతా రాక్షసులు కిరీటాలు పెట్టుకొని, మొగానికి రంగు పూసుకొని గుడి ముందర గంతులేస్తాంటే పిల్లోళ్ళు తల్లుల ఒళ్ళో కూచొని చూస్తారు. ఆ రాక్షసుడు తెల్లారి రంగు కడుక్కొని అదే ఊర్లో తిరుగుతాంటాడు. రాక్షసుడంటే ఏషమని అక్కడి పిల్లోళ్ళకు పుట్టినకాన్నుంచి తెలుసు. విఠలాచార్య బడి అదే అనుకుంటాండా నేను.

చిన్న వయసులోనే ఇల్లిడిచి అరసికెరెకు పోయినాడు. చేతికి దొరికిన పనల్లా చేసినాడు. కడాకు ఒక ఉడిపి హోటలు నడిపే దాకా వచ్చినాడు. 1942లో క్విట్ ఇండియా అంటే స్నేహితులతో కలిసి దాంట్లో దూకి జైలుకు పోయినాడు. దయ్యాల సినిమాలాయన అని నవ్వేటోళ్ళలో ఈ సంగతి తెలిసినోళ్ళు తక్కువ. జైలు నుంచి వచ్చినాక హోటలు తమ్ముని చేతిలో పెట్టి, డి.శంకర్‌సింగ్ వంటి స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీసు పెట్టినాడు. హాసన్ జిల్లా పల్లెల్లో ఊరూరికి తిప్పినాడు.

టూరింగ్ టాకీసంటే ఇప్పటి పిల్లోళ్ళకు చెప్పాల. బయల్లో గుడారం ఏస్తారు. ఒకే ప్రొజెక్టరు, రీలు రీలుకూ ఆపి మార్చాల. ముందర ఇసక, దాని మీద జనం. ఇసకను కుప్ప చేసి దాని మీద కూచుంటే ఎత్తుగా తెర కనపడేది. మా జమ్మలమడుగు తట్టు పల్లెల్లో గూడా పెద్దోళ్ళు ఈ గుడారాల కతలు చెప్తారు. సద్దిమూట, సాప, దుప్పటి, సంకలో బిడ్డ, అట్ల పోయేటోళ్ళంట. విఠలాచార్య ఆ గుడారంలో ప్రతి సినిమా ప్రతి ఆటా చూసినాడు. జనం యాడ ఊపిరి బిగబడతారు, యాడ బీడీకి లేసిపోతారు, యాడ ఏడ్చే బిడ్డ ఊరుకుంటాది, ఇవన్నీ కండ్లారా చూసే బడి అది. మూడో తరగతి చదివినాయన సినిమా తీయడం నేర్చింది ఆ ఇసకలోనే. నేను గూడా ఇంటర్ ఫెయిలై గ్రంథాలయంలో చదువుకున్నోన్ని. అందుకే ఆయన బతుకులో ఈ తావు నాకు శానా ఇష్టం.

ఆ స్నేహితులే మైసూరులో మహాత్మా పిక్చర్స్ అని పెట్టి కన్నడ సినిమాలు తీసినారు. తర్వాత విఠలాచార్య వేరుపడి విఠల్ ప్రొడక్షన్స్ పెట్టినాడు. 1954లో కన్నడంలో 'రాజ్యలక్ష్మి' తీసినాడు. 1955లో 'కన్యాదానం' అని తెలుగులోకి వచ్చి మద్రాసులో నిలబడిపోయినాడు. గమనించండి, ఆయన మొదలుపెట్టింది దయ్యాలతో కాదు. 'కన్యాదానం', 'వద్దంటే పెళ్ళి', ఇవి ఇండ్లలో జరిగే కతలు. 1959లో 'జయవిజయ'తో జానపదంలోకి దిగినాడు. ఆమీట ఎనక్కి తిరిగి చూడలా. 'బందిపోటు', 'అగ్గిపిడుగు', 'మంగమ్మ శపథం', 'జ్వాలాద్వీప రహస్యం', 'పిడుగు రాముడు', 'ఆలీబాబా 40 దొంగలు', 'లక్ష్మీ కటాక్షం'. ఎన్టీరామారావుతో తీసినాడు, కాంతారావుతో తీసినాడు, కడాకు నరసింహరాజుతో తీసినాడు. జనం ఆయనకు జానపద బ్రహ్మ అని పేరు పెట్టినారు.

ఇక్కడ మన జిల్లా మాట ఒకటి చెప్పాల. తెలుగులో జానపద సినిమాకు రాజమార్గం ఏసింది 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'. కె.వి.రెడ్డి దర్శకుడు. దాన్ని తీసిన విజయా వాళ్ళలో బి.నాగిరెడ్డి మన కడప జిల్లా ఆయన. ఆయనా, ఆయనన్న బి.ఎన్.రెడ్డీ పులివెందుల తట్టోళ్ళు. అదే సినిమాలో నేపాళ మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా ఏసిన పద్మనాభం సింహాద్రిపురం మనిషి. మనోళ్ళకు పెద్ద స్టూడియో ఉన్నింది, పెద్ద సెట్లు, మార్కస్ బార్ట్లే లాంటి కెమెరామన్ ఉన్నింరి. ఉడిపి నుంచి వచ్చినాయనకు అవేవీ లేవు. ఒక కోట సెట్టు ఏస్తే దాన్నే ఈ పొద్దు రాజు కొలువు, రేపు మాంత్రికుని గుహ, ఎల్లుండి రాణి అంతఃపురం చేసేటోడంట. ఒక సినిమా కిరీటం ఇంకో సినిమాలో ఇంకో రాజు తల మీద ఉండేదంట. జీతాలు మాత్రం చెప్పిన దినానికి చేతిలో పెట్టేటోడని సినిమావాళ్ళు చెప్పుకుంటారు.

ఇంకో కత గూడా తిరుగుతాంటాది. ఎవరన్నా నటుడు కాల్షీట్లియ్యకుండా సతాయిస్తే, కతలో మాంత్రికుని చేత ఆ పాత్రకు శాపం పెట్టించి మేకనో చిలకనో చేసేసేటోడంట. మిగతా సినిమా ఆ మేకతో నడిచిపోయేదంట. నిజమెంతో, పెంచిందెంతో గాని, ఇన్న ప్రతిసారీ నాకు మా నాయన గుర్తొస్తాడు. పట్టు నూలు అందకపోతే మగ్గం ఆపేటోడు కాదు, ఉన్న నూలుతో ఇంకో అంచు ఏసేటోడు.

ఆయన మాయలు ఎట్ల చేసినాడో చెప్తా. కంప్యూటర్లు లేని కాలం. కెమెరా కదలకుండా పెట్టి, మనిషి నిలబడితే తీసి, ఆపి, మనిషిని పక్కకు పంపి మళ్ళా తీస్తే మనిషి మాయం. ఫ్రాన్సులో మెలియస్ అనే గారడీ ఆయన 1896లోనే ఈ పని చేసినాడు. లెన్సులో సగం నల్లగుడ్డతో మూసి ఒకసారి, ఫిల్మును ఎనక్కి తిప్పి రెండో సగం మూసి ఇంకోసారి తీస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. రీలు ఎనక్కి నడిపితే పడినోడు లేస్తాడు. సన్న తీగె కట్టి లాగితే కత్తి గాల్లో ఎగురుతాది. తీగె కనపడకుండా పొగ. అంతే. ఆయన సినిమాల్లో రవ్వంత చూపుంటే ఆ తీగె కనపడతాది. మా అన్న తీగె కనపడిందని కేకేసేటోడు. పక్కోళ్ళు నవ్వేటోళ్ళు. ఎవరూ టికెట్టు డబ్బులు ఎనక్కియ్యమనలా.

పేపర్లలో రాసేటోళ్ళకు ఆ తీగె నామోషీ. చౌకబారు సినిమాలన్నారు, పామరుల సినిమాలన్నారు. నాకు తెలిసి ఆ తీగెనే ఆ సినిమాల గొప్ప. తీగె కనపడితే దయ్యం చేతులతో చేసిన వస్తువని బిడ్డకు తెలుస్తాది. బయపడతాది, ఆమీట అమ్మ కొంగు పట్టుకొని తీగె చూస్తాది, నవ్వుతాది. మా చిన్నమ్మ ఈపు మీద కొట్టిన భూతవైద్యుని తీగె మాత్రం ఎవరికీ కనపడలా. అతను గూడా ఏషమే ఏసినాడు. టికెట్టు మాత్రం శానా ఎక్కువ, ఒక కోడి, రెండు బస్తాల వడ్లు, ఒక ఆడమనిషి తోలు.

1969లో ఆయన 'గండికోట రహస్యం' తీసినాడు. ఎన్టీరామారావు, జయలలిత, దేవిక. మన జమ్మలమడుగు పక్కనుండే గండికోట పేరు అది. పెన్నా లోయ అంచున పెమ్మసాని నాయకులు ఏలిన కోట, మీర్ జుమ్లా పట్టుకున్న కోట. సినిమా కత మాత్రం దానిది కాదు, అదొక కల్పన రాజ్యం. పేరు చూసి మా జేజినాయన జమ్మలమడుగు నుంచి నాలుగు బండ్ల జనంతో పోయినాడంట, మన కోట తెర మీద చూద్దామని. వచ్చినాక ఆ కోట మనది కాకపోయినా రాజు మనోడేలే అన్నాడంట. కోట గోడల మీద ఎవరి పేరుందో చరిత్ర చెప్తాది. ఆ గోడల నడుమ మేకలు తోలుకునేటోళ్ళకు ఒక రాజు కావల్సొస్తే ఇట్లాంటి సినిమాలే ఇచ్చినాయి.

ఇంత చెప్పినాక ఆయనతో నా కొట్లాట గూడా చెప్పాల. లేకుంటే భజన అవుతాది.

మొదటిది, ఆయన దయ్యం ఎప్పుడు చూసినా ఆడదే. పొడుగు జుట్టు, తెల్ల చీర, మొగోన్ని వలేసి పట్టే కండ్లు. 'జగన్మోహిని'లో ఆ దయ్యం మోసపోయి చచ్చిన ఆడది. మోసం చేసింది మొగోడు. అయినా కడాకు ఓడిపోయేది ఆ దయ్యమే, గెలిచేది ఓర్చుకొని పూజ చేసిన పెండ్లాం. మోసపోయిన ఆమె పక్క ఎవరూ నిలబడరు. నా చిన్నప్పుడు నేను గూడా పెండ్లాం పక్కే ఉన్న్యా. ఇప్పుడు చూస్తే దయ్యం పక్కకు మనసు లాగుతాది. ఊర్లలో దయ్యం పట్టిందనే పేరు పడేది ఎవరికి? బిడ్డ పోయినోళ్ళకు, బిడ్డలు లేనోళ్ళకు, మొగుడు ఇడిచిపెట్టినోళ్ళకు, ఎదురు మాట్లాడినోళ్ళకు. తెర మీద ఆడదయ్యాన్ని చూసి చూసి, ఇంట్లో ఆడదాని మీద ఆ పేరు పెట్టేదానికి జనానికి సులువైంది. ఈ పాపంలో ఆయనకూ రవ్వంత వాటా ఉండాది.

రెండోది, పూజా మహిమలు. 'కనకదుర్గ పూజా మహిమ', 'నవగ్రహ పూజా మహిమ' అని తీసినాడు. నవగ్రహాల పేరు చెప్పి మా ఊర్లో ఎంతమంది ఎంతమంది జేబులు కొట్టినారో నేను చూసినా. సినిమా వల్లే అని అనను, సినిమా దానికి మంచి బట్టలు తొడిగింది.

అయితే ఆయనే 1965లో 'మంగమ్మ శపథం' తీసినాడు. పొగరు రాజకుమారునికి ఎదురు నిలిచి శపథం పట్టి గెలిచే ఆడపిల్ల కత అది, జమున ఏసింది. 1963లో 'బందిపోటు' తీసినాడు, జులుం చేసేటోళ్ళ మీద తిరగబడేటోని కత. ఒక మనిషి అన్ని పక్కలా ఒకే మాదిరి ఉండడు. విఠలాచార్య సంఘ సంస్కర్త కాదు, మూఢనమ్మకాలమ్మే కంత్రీ గూడా కాదు. ఇసకలో కూచున్నోళ్ళకు ఏం నచ్చుతాదో తెలిసిన పనిమంతుడు. వాళ్ళ మంచీ చెడ్డా రెండూ ఆయన సినిమాల్లో ఉండాయి.

రంగులొచ్చినాయి, స్టార్ల రేట్లు పెరిగినాయి, ఆయన చిన్న నటులతో సాగించినాడు. మలయాళంలో 1984లో 'మై డియర్ కుట్టిచాత్తాన్' త్రీడీలో వచ్చినాక, ఆయనా 'జై భేతాళ' అని కండ్లద్దాల సినిమా తీసినాడు. అరవై దాటిన వయసులో గూడా కొత్త మాయ కనపడితే చేతులు ఊరికే ఉండనియ్యలా. 1999 మే 28న మద్రాసులో కన్నుమూసినాడు. మా ఊర్లో ఆ దినం ఎవరూ దాని గురించి మాట్లాడినట్లు గుర్తు లేదు. ఆయన సినిమాలు తెలిసినంత ఆయన మొగం ఎవరికీ తెలీదు.

ఇప్పుడు దయ్యం సినిమాకు ఖర్చెక్కువ. తీగె కనపడదు. ఫోన్లో, చీకటి గదిలో, చెవుల్లో పెట్టుకొని ఒక్కరే చూస్తాండారు. బయపడితే పట్టుకునేదానికి పక్కన కొంగు లేదు. అందుకే నేను బడులకు పోయినప్పుడు విఠలాచార్య పని చేయిస్తా. ఫోను ఒక ఇటుకకు ఆనించి కదలకుండా పెట్టి, ఆపుతా తీస్తా పిల్లోళ్ళ చేతనే పిల్లోళ్ళను మాయం చేయిస్తా. పది నిమిషాల్లో ప్రతి బిడ్డా మాంత్రికుడే. పెద్ద ఉపన్యాసం కంటే అది మేలు.

మొన్న జమ్మలమడుగు పక్క ఒక పల్లెలో కోడలికి దయ్యం పట్టిందని తెలిసి పోయినాం. నేను, ఒక ఆశా కార్యకర్త. భూతవైద్యునికి అప్పుడే కబురు పోయింది. ఆ పాపకు మూడు నెలల కింద గర్భం పోయింది. అత్త మమ్మల్ని గడప తొక్కనీలా. మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో ఇట్లాంటి హింసకు చట్టాలు చేసినారు, మనం ఇంకా అడగాల్సే ఉండాది. గడప బైట నిలబడి చట్టం మాట్లాడితే ఆ తల్లికి ఏం ఎక్కుతాది? నేను ఫోను తీసి పొయ్యిలో కాళ్ళ సీను పెట్టినా. ఆమె ఒక చూపు చూసింది. చిన్నప్పుడు పొద్దుటూరులో చూసినా అనింది. నవ్వింది. నవ్వినాక మమ్మల్ని మంచం మీద కూచోమనింది.

కోడలు నవ్వలా. ఆ పాప యాల నవ్వాల? ఆమె గోడకు ఆనుకొని మమ్మల్నే చూస్తాన్నింది. ఆశా అక్క పక్కన కూచొని చెయ్యి పట్టుకునింది. మర్సటి దినం పొద్దుటూరు ఆసుపత్రికి తీసకపోయేదానికి అత్త ఒప్పుకునింది, భూతవైద్యున్ని రావద్దని కబురు చేసింది. మందులు మొదలైనాయి. వచ్చే బుధవారం మళ్ళా పోతాండాం. ఈసారి మా చిన్నమ్మ గూడా వస్తానంటాంది. ఆమెకిప్పుడు అరవై దాటినాయి. ఆ పాపతో ఏం మాట్లాడతావు చిన్నమ్మా అని అడిగితే, మాట్లాడేదేముంది, వాళ్ళింట్లో ఒక పూట వంట నేను చేస్తా, ఆ పాపను పొయ్యికాన్నుంచి లేపుతా అనింది.